నేను చూడని సూర్యుడు

మోకెగువా,
ఆగస్టు 9.

బంగారు తల్లి ఎర్లిందాకు,

నీ ఉత్తరం అందింది. మన కొండమీది సూర్య పరిశీలన కేంద్రంలో ముప్ఫై నాలుగేళ్ళు నేను గీసిన సూర్యుడి బొమ్మలన్నీ పుస్తకంగా వేస్తున్నారనీ, బొమ్మలు గీసే ఆ గదికి నా పేరు పెడుతున్నారనీ రాశావు. చదువుతూ పొయ్యి మీద మొక్కజొన్నలు మాడబెట్టాను. తరవాత ఏడ్చాను. సంతోషంతో అనుకునేవు, కాదు. నేను రాను. ఆ గదికి నా పేరు పెట్టకండి. ఎందుకో చెప్పాలంటే ముప్ఫై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న మాట చెప్పాలి.

జ్ఞానస్నానంనాడు నిన్ను ఎత్తుకుని నీకు మద్రీనాను, జ్ఞానతల్లిని అయినదాన్ని. నీ దగ్గర అబద్ధం ఆడడమే పాపం అనుకుంటే, నీ చదువు మీదే అబద్ధం ఆడాను.

పదహారేళ్ళప్పుడు మొదటిసారి కొండెక్కి వచ్చావు. దుర్భిణి తెల్లబల్ల మీద పడేసిన సూర్యబింబాన్ని నేను పెన్సిలుతో కాగితం మీదికి దించుతున్నాను. "ఈ నల్ల మచ్చలు నిన్న ఇక్కడ లేవుగా మద్రీనా, ఎవరు జరిపారు?" అన్నావు. "సూర్యుడు తిరుగుతాడే పిల్లా, వాటినీ తిప్పుతాడు. రోజుకు రెండు వేళ్ళు" అన్నాను. "మరి కొత్తవి ఎక్కణ్ణించి ఊడిపడతాయి?" అన్నావు. నాకు తెలియదు. ఆ ప్రశ్న పట్టుకునే నువ్వు ఇంతదూరం వెళ్ళావు. ఈవేళ సూర్యుడి మీద తుపాను లేస్తే, విమానాల రేడియోలు మూగబోకముందే దేశానికి హెచ్చరిక పంపేది నువ్వు. బజారులో ఆలివులమ్మే దోన్యా పౌలా నిన్నగాక మొన్న అంది: "మీ పిల్ల సూర్యుడికి జ్వరమొస్తే ముందే కనిపెట్టే డాక్టరమ్మట కదా!" నేను సరిదిద్దలేదు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

నీ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష గుర్తుందిగా. మీ నాన్న పంపనన్నాడు. "సూర్యుణ్ణి చదవడానికి పరీక్ష ఎందుకే? మన డాబా మీద మిరపకాయలు రోజూ చదువుతూనే ఉన్నాయి!" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండి, నిన్ను నేనే అరెకీపా పట్నం తీసుకెళ్ళాను. అప్పుడు కేంద్రం పెద్ద దోన్ అబెలార్దో ఊళ్ళో లేడు. తాళాలు నా చేతిలో పెట్టి, "ఒక్కరోజు కూడా ఖాళీ పోకూడదు మెల్చోరా, నీ మీద కళ్ళున్నాయి" అని వెళ్ళాడు. గది ఊడ్చడానికి చేరి బొమ్మలు నేర్చుకున్నదాన్ని. నాలుగో క్లాసు దాటని ఆడమనిషి గీతల్ని ఎలా నమ్మడమని లీమా పెద్దాఫీసులో కొందరు అప్పటికే సణుగుతున్నారు. మబ్బు పట్టిందని రాద్దామంటే ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

అందుకని ముందురోజు గీసిన కాగితం, ఒక ఖాళీ కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నువ్వు పరీక్ష రాస్తుంటే ఎదురుగా పూటకూళ్ళ హోటల్లో కూర్చుని, ప్రతి మచ్చనూ రెండు వేళ్ళు జరిపి, ఆనాటి సూర్యుణ్ణి గీసేశాను. తలెత్తి చూడనైనా లేదు.

మర్నాడు కొండెక్కి చూద్దును కదా, నా కాగితం మీద ఖాళీగా ఉన్నచోట ఒక కొత్త మచ్చల గుంపు పిల్లాజెల్లాతో కాపురం పెట్టి ఉంది. అయినా ఆ కాగితాన్ని మార్చకుండా కట్టలో కలిపేశాను. అయిదేళ్ళ తరవాత నువ్వు రాసిన మొదటి వ్యాసం, నీకు పేరు తెచ్చిన వ్యాసం, ఆ గుంపు ఎలా పుట్టిందన్న దాని మీదే. నా దొంగ కాగితం మీద నువ్వు ఇల్లు కట్టుకున్నావు తల్లీ. ఆ ఇల్లు కూలినా సరే, ఇక దాచలేను. ఏం చేయాలో నువ్వే చెయ్యి.

నీ మద్రీనా,
మెల్చోరా కుటిపా

*

లీమా,
ఆగస్టు 17.

ప్రియమైన మద్రీనాకు,

ఆనాడు ఆ పరీక్ష రాసింది నేను. ఆ తేదీ నేను మరిచిపోతానా? మీరేమో బయట ఎండలో నాకోసం జపమాల తిప్పుతున్నారనుకున్నాను. మరి కొండమీద బొమ్మ గీసిందెవరు? మీ ఆయనా? ఆయన గీస్తే సూర్యుడు బంగాళాదుంపలా ఉండేవాడు!

మొదటి వ్యాసం కోసం కట్టలు విప్పినప్పుడే పట్టుకున్నాను. కొండమీద గీసిన ప్రతి కాగితానికీ నాలుగు మూలలా, బల్లకు బిగించే మీ క్లిప్పుల తుప్పు మరక ఉంటుంది. ఆ ఒక్కదానికి లేదు. దానికి బదులు రొయ్యల పులుసు మరక ఉంది. తేదీ చూశాను. నా పరీక్ష రోజు. నాకోసం మీరు మీ పరువును పణం పెట్టారని అప్పుడు తెలిసింది. అడిగితే మీరు సిగ్గుపడతారని అడగలేదు. ఇన్నేళ్ళు మిమ్మల్ని ఒంటరిగా కుమిలిపోనిచ్చాను. ఆ తప్పు నాది.

మీ తప్పు కూడా తప్పే, కాదనను. అందుకే నా వ్యాసంలో ఆ రోజుకు మీ కాగితాన్ని వాడలేదు. వేరే దేశం వాళ్ళు తీసిన ఫొటో తెప్పించుకున్నాను. కానీ ఒకరోజు ఊరికే ఆ రెండూ పక్కపక్కన పెట్టాను. మద్రీనా, పాత మచ్చలన్నీ మీరు పెట్టినచోటే, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి! తేడా అంతా కొత్తగా పొడుచుకొస్తున్న ఆ గుంపు దగ్గరే. నిన్నటిని బట్టి ఉండాల్సిన సూర్యుణ్ణి, నిజంగా ఉన్న సూర్యుడిలోంచి తీసేస్తే మిగిలేదే కొత్తది. తుపాను లేచేది అక్కడే. ఈవేళ నా యంత్రాలన్నీ రోజూ చేసే పని అదే. ముందు మీలాగా తలెత్తకుండా ఒక సూర్యుణ్ణి గీస్తాయి. తరవాత తలెత్తి చూస్తాయి. మీరు మొదటి సగమే చేశారు, అంతే.

చూడకుండానే సూర్యుణ్ణి అంత కచ్చితంగా గీయగల మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నా గురువులందరిలో మీరే పెద్ద.

పుస్తకంలో ఆ రోజు పేజీ ఖాళీగా ఉంటుంది. కింద ఇలా అచ్చువేస్తున్నాం: "ఈ రోజు పరిశీలన లేదు. కారణం: పరిశీలకురాలు ఒక అమ్మాయిని పరీక్షకు తీసుకెళ్ళింది." ఇది అచ్చయ్యాక దాచడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు. గది తలుపు మీద మీ పేరు ఇప్పటికే రాసేశారు. చెరిపించాలంటే మీరే రావాలి.

మీ పిల్ల,
ఎర్లిందా

*

మోకెగువా,
ఆగస్టు 26.

ఎర్లిందా తల్లికి,

నీ ఉత్తరం దోన్యా పౌలా చేత రెండుసార్లు చదివించుకున్నాను. కళ్ళజోడు తడిసిపోయి నాకు అక్షరాలు ఆనలేదు. శుక్రవారం పొద్దుటి బస్సులో వస్తున్నాను. మీ నాన్న కూడా వస్తానంటున్నాడు, ఎండుమిరపకాయల బస్తాతో.

పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్ళకపోతే ఆ ఖాళీ పేజీ కింద ఇంకొక్క వాక్యం కలుపు. ఇది నేను కళ్ళారా చూసి రాస్తున్నది: ఆ అమ్మాయి పాసైంది.

మద్రీనా