మిల్లు జాగాలో ఫ్లాటు అమ్మబడును

జూన్ 8, ఆదివారం

ఎదురు ఫ్లాటు బాల్కనీకి బోర్డు కట్టారు. 'అమ్మబడును. త్రీ బెడ్‌రూమ్, ఈస్ట్ ఫేసింగ్.' కింద వేంకటరమణమూర్తి ఫోన్ నంబరు.

చదివి నవ్వుకున్నాను. ఏమైందని మా ఆయన ఉదయ్ అడిగాడు. ఏమీ లేదన్నాను.

వైజాగ్‌లో సముద్రం కనబడే చోట ఇల్లు చూసుకున్నారట. ఇది అమ్ముడైతేనే అది. మూర్తి భార్య దుర్గాదేవి ఆంటీ లిఫ్టులో చెప్పింది.

వెళ్ళనివ్వను.

జూన్ 9

రాసుకుంటే కోపం చల్లారుతుందంటారు. నేను చల్లారకుండా ఉండటానికి రాస్తున్నాను.

ఈ అపార్ట్‌మెంటు కట్టిన జాగాలో ఒకప్పుడు జూట్ మిల్లు ఉండేది. చోడవరం ఆటోవాళ్ళకి ఇప్పటికీ అడ్రసు చెప్పక్కర్లేదు, 'మిల్లు కాడ' అంటే చాలు. మా అమ్మ చిన్నమ్మి అందులో గోనెసంచులు కుట్టేది. మూర్తి మేనేజరు. నేను మూడో క్లాసులో ఉండగా గోడౌన్ అంటుకుంది. అమ్మ బయటికి రాలేదు. మిల్లు మళ్ళీ తెరవలేదు.

ఎంక్వైరీకి వచ్చినవాళ్ళతో మూర్తి ఒకటే మాట చెప్పాడు. చిన్నమ్మి నార బేళ్ళ మధ్య కూర్చుని చుట్ట కాల్చిందని, ఆ ముక్క విసిరేస్తే అంటుకుందని. అందరూ నమ్మారు. మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చడం ఎవరికి కొత్త?

అమ్మ కాల్చేది కాదు. నార దుమ్ముకి ఆవిడకి ఉబ్బసం. నానమ్మ చుట్ట వెలిగిస్తే పెరట్లోకి పోయి దగ్గుతూ కూర్చునేది. ఆ సంగతి నాకు తెలుసు. మూడో క్లాసు గుంటని ఎవరడుగుతారు?

తర్వాత నాకు పేరే పోయింది. మిల్లు కాల్చినదాని కూతురు. పనులు పోయినవాళ్ళు మా గుమ్మం ముందు నిలబడి దుమ్మెత్తి పోసేవారు. నాన్న మమ్మల్ని రోలుగుంట తీసుకుపోయాడు. మా కంటే ముందే ఆ మాట అక్కడికి చేరింది.

మిల్లువాళ్ళు జాగా అమ్ముకున్నప్పుడు మూర్తికి నమ్మకంగా పనిచేసినందుకు ఒక ఫ్లాటు ఇప్పించారు. నేను టీచరయ్యాక ఈ ఊరికే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని, ఈ ఫ్లోర్‌లోనే అద్దెకి దిగింది ఎందుకో ఉదయ్‌కి మొన్నటిదాకా తెలీదు. మూర్తికి ఇప్పటికీ తెలీదు. గుడ్ మార్నింగ్ టీచర్ గారూ అంటాడు.

జూన్ 15

మొదటి పార్టీ. అనకాపల్లి నుంచి భార్యాభర్తలు, చిన్న పాప. లిఫ్టు దగ్గర కలిశాను. ఫ్లాటు నచ్చిందా అంటే చాలా నచ్చిందన్నారు. మిల్లు గోడౌన్ సరిగ్గా ఇక్కడే ఉండేదండీ, ఒక మనిషి కాలిపోయింది, ఓనరు గారు చెప్పలేదా అన్నాను. ఆవిడ పాపని దగ్గరికి లాక్కుంది.

మళ్ళీ రాలేదు.

జూన్ 22

ఇంకో పార్టీ. అదీ పోయింది.

జూలై 6

మూర్తి ఇంట్లో శాంతి హోమం చేయించాడు. ఫ్లాటుకి దోషం ఉందని ఎవరో చెప్పారట. పొగ కారిడార్ దాటి మా హాల్లోకి వచ్చింది. తలుపు వెయ్యలేదు. ఎవరికి శాంతి చేయిస్తున్నాడో నాకు తెలుసు. ఆయనకి నాకంటే బాగా తెలుసు.

జూలై 9

ఆంటీ పనసపొట్టు కూర తెచ్చింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పారిపోతున్నారు, కారణం తెలియట్లేదంది. కరెంటు పోతే లిఫ్టు ఆగిపోతుంది, మోకాళ్ళతో నాలుగు అంతస్తులు ఎక్కలేకపోతోంది. వైజాగ్‌లో చూసింది కింది వాటా. నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

ఆవిడ ఏం చేసిందని ఉదయ్ గొడవపెట్టుకున్నాడు. ఏమీ చెయ్యలేదు. మా అమ్మ కూడా ఏమీ చెయ్యలేదు.

కూర తిన్నాను. బాగుంది. గిన్నె కడిగి ఇచ్చేశాను.

జూలై 20, ఆదివారం, మధ్యాహ్నం

ఇప్పుడే ఎదురింటి నుంచి వచ్చాను. వెంటనే రాసేస్తాను.

గోవాడ నుంచి గౌరీశంకర్ అనే అతను వచ్చాడు, తల్లితో. బేరం దాదాపు కుదిరింది. బిల్డింగ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని ఆంటీయే నన్ను పిలిచింది. వెళ్ళాను. లిఫ్టు దగ్గర చెప్పే మాట ఈసారి హాల్లోనే చెప్దామని వెళ్ళాను.

నేను నోరు తెరవకముందే ఆ తల్లి నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఒసే, నువ్వు సిన్నమ్మి కూతురివి కాదేటి? అదే మొకం."

అవునన్నాను. మూర్తి పేపరు మడతపెట్టడం ఆపేశాడు.

ఆవిడ పేరు అచ్చియ్యమ్మ. అమ్మ పక్కనే కూర్చుని సంచులు కుట్టేదట. కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"మీయమ్మ సుట్ట మా కూడు కాల్సేసిందే గుంటా. మిల్లు పోయేక మా ఆయన కూలికి బెజవాడ పోయి, అక్కడే సచ్చిపోనాడు. శవాన్ని కూడా సూళ్ళేదు నేను."

ఊరుకోమ్మా అన్నాడు గౌరీశంకర్.

ఇన్నేళ్ళుగా మూర్తితో అనాలని దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. వచ్చింది అమ్మ మాటతీరు.

"మాయమ్మకి ఉబ్బసం. సుట్ట వాసన తగిల్తే దగ్గేది. అది కాల్సడం నువ్వు కళ్ళతో సూసేవా, మేనేజరు బాబూ?"

పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా అన్నాడు మూర్తి.

అచ్చియ్యమ్మ నుదురు ముడిచింది. "అవున్రా శంకరా. అది మూతికి గుడ్డ కట్టుకుని కుట్టేది. మేం సుట్ట ఎలిగిస్తే లెగిసిపోయేది." అని మూర్తి వైపు తిరిగింది. "మరి నువ్వు ఆ మాట ఎలాగన్నావు బాబూ?"

ఆంటీ ట్రే పట్టుకుని నిలబడిపోయింది. "చెప్పండి. చూసేరా?"

"లేదు."

ఆ తర్వాత ఆయన నేలకేసి చూస్తూ మాట్లాడాడు. "మోటారు దగ్గర నిప్పురవ్వలు వస్తన్నాయని పనివాళ్ళు ముందే చెప్పేరు. ఆర్డరు ఉంది, నడపమన్నాను. తరవాత నా ఉద్యోగం పోతుందని భయమేసింది. ఆవిడెలాగూ చచ్చిపోయింది, పేరు చెప్తే ఆవిడకి కొత్తగా పోయేదేటి అనుకున్నాను."

నేను చచ్చిపోలేదు. ఆ మాట పైకి అన్నానో లేదో గుర్తులేదు.

అచ్చియ్యమ్మ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా రెండు చేతులూ పట్టుకుని, వాటితో తన చెంపలు వాయించుకుంది. విడిపించుకోబోయాను. వదల్లేదు.

ఫ్లాటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

జూలై 24

అచ్చియ్యమ్మ కనబడినవాళ్ళకల్లా చెబుతోంది. చేపల బజారులో, బస్టాండులో. పాత మిల్లువాళ్ళు ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి తప్పైపోయిందన్నారు. కూర్చోమనలేదు.

మూర్తి పాలప్యాకెట్టుకి కూడా కిందికి దిగడం లేదు.

చాలా హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు?

ఆగస్టు 2

ఆంటీ చీడికాడలో అక్కగారింటికి వెళ్ళిపోయింది. లిఫ్టు పనిచెయ్యలేదు. మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగింది. బ్యాగు నేను మోశాను. మధ్యలో ఆగి, పార్టీలని తరిమింది నువ్వేనా అని అడిగింది. నేనే అన్నాను. తల ఊపింది. కోప్పడితే బాగుండేది.

ఆటో ఎక్కాక ఒక మాట చెప్పింది. ఫ్లాటు చూడటానికి ఎవరొచ్చినా ముందు మిల్లులో జరిగింది చెప్పి, ఆ తర్వాతే గదులు చూపించమని ఆయనతో ఒట్టు వేయించుకుందట. అలా అమ్మితేనే తను తిరిగి వస్తుందట.

ఆగస్టు 10

ఇక చాలంటాడు ఉదయ్. ఇల్లు మారదామంటాడు.

చాలలేదు.

ఆగస్టు 17

పార్టీలు రావడం మానేశాయి. సాయంత్రం నేనే వెళ్ళి బెల్ కొట్టాను. ఫ్లాటు చూడాలి అన్నాను.

మూర్తి పక్కకి జరిగి దారిచ్చాడు. మోటారు దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. అమ్మ పేరు దగ్గర గొంతు తగ్గించాడు. గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు. తర్వాత లైటు వేసి హాలు, వంటగది, బాల్కనీ చూపించాడు.

ఆలోచించుకుని మళ్ళీ వస్తానన్నాను.