ప్రాగు చౌకులో కొసరు

ప్రాగు నుంచి,

చిరంజీవి తమ్ముడు ఓబులేసును నిండు నూరేళ్లు బతకమని దీవించి అన్న రాయునది. నేనిక్కడ క్షేమం. వంటకని వెంట తెచ్చుకున్న మా ఆఫీసరయ్యకు నా చారంటే ఇంకా విసుగు పుట్టలేదు. చలికి మీసాలు గట్టిపడుతున్నాయి. మరదలు, చిన్నోడు ఎలా ఉన్నారు?

నీ పెద్దకొడుకుని, మన పెద్దోణ్ని నరికి, సాక్షులు లేక కోర్టులో బయటపడిన నాగన్నను శివరాత్రికి శ్రీశైలం తోవలో చిన్నోడి చేత నరికిస్తానని, అప్పటిదాకా గడ్డం తీయనని రాశావు. దానికి జవాబు ఈ ఊరి చౌకు కథ. ముసలోణ్ని, తిన్నగా చెప్పలేను.

చౌకులో పెద్ద గడియారముంది. గంటగంటకూ ఎముకలగూడు బొమ్మ గంట కొడుతుంది. చేసినవాడు ఇంకో ఊరికి అలాంటిది చేయకూడదని పెద్దలు అతని కళ్లు పొడిపించారట. మన ఊరి పెద్దలే నయం, కూలి ఎగ్గొట్టి వదిలేస్తారు. ఆ పక్కనే, మూడొందల ఏళ్ల కిందట రాజుకు ఎదురుతిరిగిన ఇరవైయేడు మందిని ఒకే పొద్దున చంపారు. ఒకడి నాలుక ముందే కోశారు. తలారి కత్తులు మార్చి మార్చి నరికాడు. కొన్ని తలలు వంతెన బురుజుకు ఏళ్లతరబడి వేలాడాయి. వాళ్ల గుర్తుగా నేలరాళ్లలో తెల్ల శిలువలున్నాయి.

చచ్చినోళ్ల రాయిని మనం చెప్పులతో తొక్కం కదా. బూట్లు విప్పి మంచులో వట్టికాళ్లతో నడిచాను. ఆలుగడ్డలమ్మే ముసలామె పకపకా నవ్వింది. ఆమె మాటలు మా డ్రైవరు ఇంగ్లీషులో చెప్పాడు; నేను మన మాటల్లో రాస్తున్నాను.

“ఏమప్పా, బూట్లు బరువైనాయా?”

“ఈడ మనుషులు చచ్చినారు కదమ్మా.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “మొన్నటి యుద్ధంలో నా కొడుకునీ ఆ గోడకాడే కాల్చినారు. వాణ్ని శత్రువులకు పట్టిచ్చినోడు మా వీధోడే.”

“వాణ్ని ఏం చేసినావు?”

“రోజూ వస్తాడు. తూచి ఇస్తాండా.”

“అంతేనా?”

“కొసరు ఎయ్యను. అందరికీ ఒకటి ఎక్కువేస్తా, వానికి ఎయ్యను. సంచి తెరుచుకొని రవంతసేపు నిలబడతాడు. తల దించుకొని పోతాడు. నాకింకో కొడుకుండాడప్పా. వాడు సందేళకు ఇంటికి రావల్ల.”

తమ్ముడూ, పెద్దోడి పేగులు తువ్వాలుతో కట్టి బండెక్కించింది ఈ చేతులే. నాగన్న చస్తే వాడి తమ్ముళ్లు చిన్నోడి కోసం వస్తారు. నా దగ్గర ఇంకో తువ్వాలు లేదు.

పెద్దక్కకు నా దండాలు, మరదలికి దీవెనలు. ఈ ఉత్తరం అందగానే మంగలిని పిలిపించుకో. ఓర్వకల్లు సంతలో నీ ఉల్లిగడ్డల కాడికి నాగన్న వస్తే సరిగ్గా తూచి ఇయ్యి.

కొసరు వేయొద్దు.

ఇట్లు,
నీ అన్న సుంకన్న