సందు చివరి నల్లా

కరీంనగర్,
శనివారం

బాపుకు, నీ బిడ్డ భూలక్ష్మి కాళ్లకు మొక్కి రాస్తున్నది. నన్ను కన్న అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, అన్నతో చదివించుకుని విను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? మగ్గం గుంటలోకి దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగు, తొందరపడకు. అవ్వ కళ్లలో మందు వేసుకుంటున్నదా? అన్న, వదిన కులాసాయేనా? నల్లమేక ఈనిందా? మా గురించి ఫికర్ పెట్టుకోవద్దు. ఎండలు మాత్రం ఇక్కడ మన ఊరికన్నా ఎక్కువ. రేకుల ఇల్లు కాబట్టి పగలంతా పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. అదీ అలవాటైంది. బాగానే ఉన్నాం.

నువ్వు వచ్చిపోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఆ రోజు నోటితో చెప్పలేనిది ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నీ ముందర నిలబడితే నాకు మాట రాదని నీకు తెలుసు. బళ్లో పంతులు నా పేరు అడిగినా బాపమ్మ కొంగు వెనుక నుంచే చెప్పినదాన్ని.

సొసైటీలో నూలు తీసుకుని మూట భుజాన వేసుకుని వచ్చావు. గడప బయటే నిలబడి, నిన్ను కన్న బాపమ్మ పోయిందని, పదకొండో దినం కూడా అయిపోయిందని చెప్పావు. నన్నెందుకు పిలవలేదు బాపూ అని అడిగాను. నువ్వు నీ కాళ్ల వేళ్ల వైపు చూస్తూ అన్న మాట నాకు ఇంకా వినబడుతున్నది. "నువ్వొస్తే అల్లుడు రావాలె. అల్లుడొస్తే పంక్తిల కూసోవాలె. ఆయన కూసుంటే మేం లేస్తమని కులపోళ్లు అన్నరు బిడ్డా. ముసల్ది పోయిన ఇంట్ల లొల్లి ఎందుకని ఊకున్న."

మక్కపేలాల సంచి, చింతకాయ తొక్కు అరుగు మీద పెట్టావు. నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. "ఇప్పుడే తాగిన బిడ్డా" అన్నావు. నీ పెదవులు ఎండి పొట్టు లేచి ఉన్నాయి. చెంబు నా చేతిలోనే ఉండిపోయింది.

నీ మీద నాకు కోపం లేదు. మన ఊరి సాంబయ్య మున్సిపాలిటీ ఆఫీసులో బోర్డు మీద అంటించిన లైసెన్స్ పేర్లు చదివి ఊరంతా చెప్పాడట కదా. "మనోళ్ల పిలగాడు పీతిగుంటలల్ల దిగుతుండు" అని. అందులో ఉన్నది నీ అల్లుడి పేరే. కానీ దాని అర్థం అది కాదు. నీకు సరిగ్గా చెప్పినవాళ్లు లేరు కాబట్టి నేనే చెబుతాను. ఓపికగా విను.

ఇక్కడ వీధి పైపు నుంచి ఇంటికి నల్లా తీసుకోవాలన్నా, మరుగుదొడ్డికి ట్యాంకు కట్టించుకోవాలన్నా, లైసెన్స్ ఉన్న మనిషే చేయాలి, కాగితం మీద ఆ మనిషే సంతకం పెట్టాలి. అట్లా కాకపోతే మున్సిపాలిటీ వాళ్లు నీళ్లు వదలరు. నాలుగేళ్లు నీ అల్లుడు ముసలి మేస్త్రీ కింద చేశాడు. పని ఈయనది, సంతకం ఆయనది. మేస్త్రీకి చూపు తగ్గాక ఒకరోజు అన్నాడట, "నేను సూడని పనికి ఎన్నొద్దులు సంతకం పెడుదురా? రేపు ఎవని బాయిలన్న మురికి కలిస్తే ఆ పాపం నాకా, నీకా? పొయ్యి నీ పేరు మీద తెచ్చుకో." అందుకని నీ అల్లుడు దరఖాస్తు పెట్టాడు. బాపూ, ఆ కాగితంలో నల్లా పని వేరు, ట్యాంకు పని వేరు అని లేదు. రెండూ కలిపి ఒకటే లైసెన్స్.

నియమాల కాగితం తెలుగులో అచ్చువేసి ఇచ్చారు. ఆయన చదివింది రెండో తరగతి. నువ్వు నన్ను ఐదు దాకా చదివించావు కాబట్టి నెల రోజులు రొట్టెలు చేస్తూ నేనే చదివి వినిపించాను. బావికి ట్యాంకు ఎంత దూరం ఉండాలి, నీళ్లు లోపలికి వచ్చే పైపు కన్నా బయటికి పోయేది ఎంత కిందికి ఉండాలి, గాలి పోయే గొట్టం ఎంత ఎత్తు ఉండాలి, అన్నీ. పరీక్ష రోజు ఆయన కట్టిన కొత్త ట్యాంకు నిండా మున్సిపాలిటీ వాళ్లు మంచి నీళ్లు నింపి, గోడ మీద సుద్దగీత గీసి పోయారు. మర్నాడు వచ్చి చూస్తే నీళ్లు గీత మీదనే ఉన్నాయి. చుక్క కూడా ఇంకలేదు. ఆయన దిగేది ఆ కొత్త ఇటుకల్లోకి, సిమెంటులోకి. సాంబయ్య చెప్పిన గుంటలోకి కాదు. వాడిన గుంట అయినా, దిగినవాడు నాకు తక్కువవాడు కాడు. అది వేరే మాట.

లైసెన్స్ వచ్చిన రోజు దానికి అద్దం కట్టించి దేవుడి పటం పక్కన మేకు కొట్టాడు. కాసేపు చూశాడు. "వద్దులే, దేవుని పక్కన ఎందుకు" అని తీసి తలుపు వెనుక తగిలించాడు. ఆయన మొహం చూడలేక నేను పొయ్యి దగ్గరికి పోయాను.

నువ్వు వచ్చిపోయిన సంగతి ఆ సాయంత్రం చెప్పాను. అన్నం ముట్టలేదు. మర్నాడు ఆఫీసుకు పోయి, ట్యాంకు పని కొట్టేసి నల్లా పని ఒక్కటి ఉంచమని గుమాస్తాను బతిమాలాడట. "గట్ల ఒక్కటి కొట్టేసుడు ఉండదయ్యా. ఉంటే రెండూ ఉంటయ్, పోతే రెండూ పోతయ్. వాపస్ ఇస్తవా?" అన్నాడట గుమాస్తా.

ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "వాపస్ ఇచ్చేద్దామా? ఊరికి పోయి మల్ల మగ్గం మీద కూసుంట. నీకు నీ పుట్టిల్లు ఉంటది. నువ్వు ఏది అంటే గదే" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఇంత పెద్ద మాట నన్ను ఎవరూ అడగలేదు. రెండు రోజులు అదే ఆలోచిస్తూ తిరిగాను. నిజం చెబుతున్నాను బాపూ, మొదటి రోజు ఇచ్చేయమనే అనుకున్నాను. అవ్వ ఒడిలో తల పెట్టి ఏడవాలని అంత ఆశ పుట్టింది.

మూడో రోజు పొద్దున లచ్చవ్వ వచ్చింది. మా వెనుక సందులో పాత దొడ్లు శుభ్రం చేసి గంప నెత్తిన పెట్టుకుపోయే ఆమె. అవ్వ వయసు ఉంటుంది. మాటకు ముందు నవ్వుతుంది. "నీ పెనిమిటి ఊరంత ట్యాంకులు కట్టి నా బతుకుదెరువు తీసేటట్టున్నడు పిల్లా" అన్నది. నేను బిత్తరపోయి చూస్తే, "తియ్యనీ తియ్యనీ. నడినెత్తి మీద వెంట్రుకలన్ని ఊడినయ్. గంప దిగితే మల్ల మొలుస్తయేమో సూస్త" అని పడిపడి నవ్వింది. తర్వాత నీళ్లు అడిగింది.

రోజూ అడుగుతుంది. రోజూ నేను చెంబు పైకెత్తి పోస్తాను, ఆమె వంగి దోసిలి పట్టి తాగుతుంది. ఏడాదిగా అదే చేస్తున్నాను, ఏమీ అనిపించలేదు. ఆ రోజు చెంబు ఎత్తేసరికి నువ్వు గడప బయట నిలబడ్డది కనబడింది. దించాను. చెంబు ఆమె చేతికి ఇచ్చాను. "ఇదేందమ్మా, ఎవలన్న సూస్తే?" అని వెనక్కి జరిగింది. పట్టుకో అన్నాను. పట్టుకుని తాగింది. సగం నీళ్లు రవికె మీద పోసుకున్నది. ఈసారి నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయనతో చెప్పాను, కాగితం వాపస్ ఇయ్యొద్దని. ఆయనను వదిలి నేను ఒక్కదాన్నే పుట్టింటికి రానని కూడా చెప్పాను. ఇది విని నీకు బాధ కలుగుతుందని తెలుసు. నాకూ కలిగింది. అవ్వ ఏడిస్తే ఊరుకోబెట్టు.

ఇంకొక్క మాట ఉంది. రాయొద్దు, మామకు సిగ్గనిపిస్తది అన్నాడు ఆయన. నిన్ను సిగ్గుపరచడానికి రాయడం లేదు బాపూ.

నల్లా పైపుల మరలు బిగించే ముందు జనపనార పోగు చుట్టి, సఫేదా అనే తెల్ల రంగు ముద్ద పూస్తారు. పోగు సరిగ్గా లేకపోతే ఎంత బిగించినా నీళ్లు కారుతాయి. ఆ పోగు నేనే పేనుతాను. బాపమ్మ నేర్పినట్టే, తొడ మీద. తెగితే ముడి వేయను. రెండు కొసలు విప్పి కలిపి పేనుతాను. ముడి వేసినప్పుడల్లా బాపమ్మ నా వేళ్ల మీద నూలు చుట్టే కండెతో కొట్టేది, గుర్తుందా? "నూలు ఎన్నడు ముడి అడగదే, జర ఓపిక అడుగుతది" అనేది.

ఆ రోజు నువ్వు పోతుంటే తలుపు సందు నుంచి చూశాను. సందు చివర నల్లా దగ్గర ఆగావు. మూట రాయి మీద దించి, దోసిలి పట్టి, వంగి చాలాసేపు తాగావు. మొహం కడుక్కుని కండువాతో తుడుచుకుని పోయావు. ఆ నల్లా పోయిన ఎండాకాలం నీ అల్లుడు బిగించిందే. దాని మరకు చుట్టింది నేను పేనిన పోగు. అప్పటి నుంచి ఒక్క చుక్క కారలేదు. నా బాపు దాహంతో పోలేదు కదా అని అక్కడే గడపలో కూర్చుని, బాపమ్మ కోసం అప్పుడు ఏడ్చాను.

చివరి రోజుల్లో ఆమె నన్ను అడిగిందా? ఉన్నది ఉన్నట్టు అన్నతో రాయించు. అడగలేదంటే కూడా రాయించు. ఆమె రాట్నం కదురు ఎవరికీ ఇవ్వకపోతే, ఈసారి నూలుకు వచ్చేటప్పుడు నా కోసం తీసుకురా. సంవత్సరీకానికి పిలవకపోయినా సరే, ఏ రోజో మాత్రం తెలియజెయ్యి. ఇక్కడ ఆమె పేరున ఒక ఇస్తరి వేసి అన్నం పెట్టుకుంటాం.

అవ్వకు, అన్నకు, వదినకు నా దండాలు. కులపెద్దలకు కూడా దండాలు చెప్పు. నీ అల్లుడు మీ ఇద్దరి కాళ్లకు మొక్కుతున్నాడు. మమ్మల్ని దీవించండి. మేం బాగానే ఉన్నాం.

మళ్లీ వచ్చినప్పుడు ఇంట్లోకి రమ్మని నిన్ను ఇబ్బంది పెట్టను. సందు చివర నిలబడి ఒక్క కేక వెయ్యి, నేనే నల్లా దగ్గరికి వస్తాను. నువ్వు దోసిలి పట్టు బాపూ. నల్లా నేను తిప్పుతాను.

నీ బిడ్డ
భూలక్ష్మి