ఎవరూ పాడని చీటీ

నూర్జహాన్,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నేనింకా మన ఇంట్లోనే ఉన్నాను. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నీ ఆస్పత్రి రోజుల్లో నేను కుట్టుమిషను ముందు కూర్చోలేదు కదా, అద్దె వెనకబడి మళ్లీ అందుకోలేకపోయాను. ఇంటాయన నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. తెనాలి వదిలి దుగ్గిరాలలో తమ్ముడింటికి పోదామని మూటలు కూడా కట్టాను.

నిన్న మస్తానమ్మక్క ఇంట్లో చీటీ పాట. నీ చోట్లో నేను కూర్చున్నాను. ఎక్కువ వదులుకున్నవాళ్లదే చీటీ, ఆ వదిలిందే మిగతావాళ్లకి లాభం. అందుకే నువ్వు చివరిదాకా పాడి అందరినీ ఏడిపించేదానివి. నేను భయంభయంగా కొంచెం వదులుకుంటానన్నాను. నా పాట మీద ఒక్కరూ పాడలేదు.

"మాకిప్పుడు అవసరం లేదండి" అంది పూలమ్మే రమణ. కూతురి ఫీజు కట్టాల్సింది ఈ నెలే.

"ఆ వదిలేది కూడా వద్దులే తమ్ముడూ, మొత్తం తీసుకో" అంది మస్తానమ్మక్క.

పొద్దున్నే అద్దె బాకీ తీర్చేశాను. ఇంటాయన ఉండమన్నాడు. మూటలు విప్పుతుంటే మస్తానమ్మక్క వచ్చింది.

"మీ అందరికీ లాభం పోయింది కదక్కా" అన్నాను.

"మా ఆయన కాలు విరిగినప్పుడు పాడకుండా అందరి నోళ్లూ ఇలాగే మూయించింది నూర్జహానే. నీకు చెప్పలేదా ఏంటి?"

చెప్పలేదు. చీటీ చేజారిందని ఆ రోజు నువ్వు విసుక్కుంటూ ఇంటికొస్తే, నేను నిజమేననుకుని టీ పెట్టి మరీ ఓదార్చాను.