ద్వాదశి బువ్వ

మెట్‌పల్లి,
కార్తీక బహుళ త్రయోదశి.

నస్పూర్ల ఉన్న అవ్వ కాళ్ళకు నీ పెద్దకొడుకు పరశురాములు వంగి మొక్కి రాసేది.

అవ్వా, ఇక్కడ నేను, వనజ మంచిగనే ఉన్నం. బట్ట నేసే సాంచలు నడుస్తున్నయి, నూలు టైముకు వస్తున్నది. వనజ మోకాలినొప్పికి నీవు చెప్పిన వావిలాకు కాపడమే పెడుతున్నది, జర తగ్గింది. అక్కడ నీవు, తమ్ముడు సదానందం, మరదలు, తమ్ముని బిడ్డ ప్రవళిక చల్లగుండాలని రోజూ దీపం కాడ మొక్కుతున్న. ఈ ఆఖరు మాటల కొంత అబద్ధమున్నది. ఎంతనో ముందట రాస్త.

మొదలు ఒక సంగతి. నీ కిందటి ఉత్తరం అక్షరాలు ప్రవళికవి కావు. కోడి గీకినట్టున్నయంటే అవి సదానందానివే. పిల్లకు తెల్వకుండ రాయించినవన్నట్టు. గీ ఉత్తరం మాత్రం సదానందానికి ఇయ్యకు. ఎప్పటి లెక్క ప్రవళికనే పక్కన కూసోబెట్టుకొని గట్టిగ చదివించుకో. "ఫోన్ల మాట గాలికి పోతది, కాయితం మీది మాటైతే మల్ల మల్ల ఇనొచ్చు" అని నీవే అంటవు కదా.

ఇగ నీవు అడిగినయి. కంటి ఆపరేషన్‌కు వస్తవా అన్నవ్. వస్త. దినం ఖాయం చేసి చెప్పు. మన భజన మండలి పెద్దమనిషి దశరథం ఎట్లున్నడన్నవ్. పండ్లు కట్టించుకున్నడు, అప్పటి సంది నవ్వుడు ఎక్కువైంది. మూడోది అడిగినవ్: "మెట్‌పల్లి నుంచి వచ్చినకాంచి పిల్ల నోరు విప్పుతలేదు. బువ్వ సగం ఇడిసిపెట్టి లేస్తున్నది. ఇస్క్రూడ్రైవర్ల డబ్బ అటుక మీద పెట్టింది. దుకాణం మాటెత్తితే వద్దు బాపమ్మా అంటున్నది. నీకేమన్న ఎరుకనా?"

ఎరుకనే అవ్వా. అంతా ఎరుకనే. అది చెప్పుటానికే కూసున్న.

మండలి గదిల పాత కంప్యూటర్ ఉన్నది కదా. ఏకాదశి ఏకాదశికి నేను చెప్పే ప్రవచనాన్ని కెమెరాల పట్టి, దాంట్లనే కత్తిరించి అతికి ఫోన్లకు ఎక్కిస్తరు. అది ముసలిదైంది. గంట పనికి పూట పట్టేది. మంచిర్యాల్ల రిపేరు దుకాణంల పనిచేసే మన ప్రవళిక, "పెద్దబాపూ, డబ్బ గదే ఉండనియ్యి. లోపట మదర్‌బోర్డు, మెమరీ మారుద్దాం" అన్నది. మదర్‌బోర్డంటే సాంచెకు చట్రం లెక్క, అన్నీ దానికే బిగుస్తయి. మెమరీ అంటే జానెడు కూడ లేని పట్టీలు రెండు. పని నడిచేటప్పుడు మిషను యాదిల పెట్టుకునేదంత వాటిమీదనే. వాటి అంచుకు దువ్వెన లెక్క బంగారు రంగు పండ్లుంటయి. బోర్డు మీది సందుల్ల ఆ పండ్లు కూసుంటేనే మిషను నడుస్తది.

దసర నాడు పొద్దుగాల బస్సు దిగి, పగటి బువ్వ యాల్లకు అన్నీ బిగించింది. మండలంత చుట్టూ కూసోని సినిమా చూసినట్టు చూసిండ్రు. పట్టీ కూసున్నప్పుడల్ల టక్కుమన్నది. దశరథం కొత్తపండ్లన్నీ బయటపెట్టి, "పరశురాములూ, మీ ఇంట్ల గీ చేతులెక్కడియిరా? మీ బాపువే కదా!" అన్నడు. నాకు అప్పుడే కుళ్ళు మొదలైంది.

దసర నాడు పనిముట్టుకు పూజ చేయకుండ ముట్టం కదా. నేను పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకొని, "లోపట కూడ బొట్టు పెట్టాలె బిడ్డా" అన్న.

"లోపట వద్దు పెద్దబాపూ, తడి తగిల్తే ఖరాబైతది. డబ్బ మీద పెట్టుర్రి. దేవునికి డబ్బ మీదికెళ్ళి కూడ కనపడతది" అన్నది నవ్వుకుంట.

అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన. డబ్బ మీదనే పెట్టిన. పెద్ద పెద్ద యుద్ధాలు ఒక్క నవ్వు కాడ మొదలైనయని ఎన్నిమార్లు పీట మీద కూసోని అరిచిన్నో! ఆ మాట ఆనాడు నా చెవులకే ఇనపడలే.

పొద్దూకక ముందే మైకు పరీక్ష చేసిండ్రు. "ఏదన్న మాట్లాడు బిడ్డా, గొంతు ఎట్లస్తదో చూద్దం" అన్నడు దశరథం. పిల్ల ఏం మాట్లాడాల్నో తోచక, పోయిన మన బాపు పీట మీద చెప్పే కథ ఎత్తుకున్నది. రాజు, కోపిష్టి ముని కథ. ఏకాదశి పట్టిన రాజు, ద్వాదశి నాడు అతిథిగ వచ్చిన ముని కోసం చూసి చూసి, గడియ దాటుతదని గుక్కెడు నీళ్ళు తాగుతడు. "నేను తినకముందే తాగినవా" అని ముని ఆ రాజును కాల్చేతందుకు మంట పుట్టిస్తడు. దేవుని చక్రం వచ్చి ఆ మంటను ఆర్పి మునినే తరుముతది. మూడు లోకాలు ఉరికినా దిక్కు దొరకది. ఆఖరుకు దేవుడే, "నా చేతుల లేదు, పోయి ఆ రాజునే అడుగు" అంటడు.

ఆ కథ నేను నూరుమార్లు చెప్పుంట. చక్రం కాడికి రాంగనే గొంతు పెంచుత, పీట గుద్దుత. పిల్ల చక్రం కాడ ఆగలే. "ముని ఉరుకుతున్నన్ని దినాలు రాజు ఏం చేసిండో ఎరుకనా? బువ్వ ముట్టలే. ఏడాది పొడుగున నీళ్ళు తాగి ఆ మనిషి కోసమే కూసున్నడు" అన్నది. మెల్లగ అన్నది. కిష్టవ్వ కొంగు కండ్లకద్దుకున్నది. నేను చెప్పినప్పుడు కూడ కిష్టవ్వ కండ్లు మూస్తది గని, గది నిద్రకు.

గా నాలుగు నిమిషాల ముక్కను ఫోన్లకు ఎక్కించిండ్రు. దుబాయిల, మస్కట్ల ఉన్న మనోల్లు ఒకరికొకరు పంపుకున్నరు. నా పదేండ్ల ప్రవచనాలు ఒక్కకాడ కుప్పపోసినా గంతమంది చూడలే. కార్తీక ఏకాదశికి పిల్లతోనే చెప్పిద్దామన్నరు. మండలిదే మడిగె ఒకటి ఖాళీగున్నది, రిపేరు దుకాణం పెట్టుకుంటది, ఆమెకే ఇద్దామన్నరు. ఆ సాయంత్రమే నీవు ఫోన్ చేసినవ్. "నాయినా, పిల్ల చెప్తుంటే మీ బాపే లేసొచ్చినట్టున్నదిరా" అన్నవ్.

ఫోన్ల మాట గాలికి పోతదంటవు. అది పోలే అవ్వా. నా కడుపులనే ఉన్నది.

నేను బడి మొఖం చూసినోన్ని కాదు. నూలు కండెలు చుట్టచ్చిన పేపరు ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కున్న. సాంచల చప్పుడుల పురాణం బట్టీ పట్టిన. బాపు పోయినంక ఆయన పీట ఖాళీగుండద్దని గొంతు చించుకున్న. యాభై రెండేండ్లు వచ్చినయి. ఒక్కనాడన్న నాకు ఆ మాట అన్నవా? నీవు ఉండేది సదానందం ఇంట్ల, బాపు చేతులు సదానందం బిడ్డకు, ఆఖరుకు బాపు గొంతు కూడ ఆ ఇంటికేనా అనుకున్న.

దసర పోయిన మూడు దినాలకు మిషను పానం ఇడిసింది. పని నడుమల నీలం తెర పడుడు, దానంతలదే బందై మల్ల లేసుడు. ఒకపారి గంటకు, ఒకపారి పది నిమిషాలకు. ఫోన్ చేస్తే పిల్ల సెలవు పెట్టి ఉరికొచ్చింది. కరెంటు సక్కగ అందుతలేదేమోనని పవర్ డబ్బ మార్చింది. వైర్లన్ని పీకి బిగించింది. మెమరీ పట్టీలను ఒక్కొక్కటిగ, ఒక్కొక్క సందుల పెట్టి పరీక్ష నడిపించింది. ఏది ఎక్కడ పెట్టినా తెర మీద ఎర్ర గీతలే. మల్లోసారి కొత్త పట్టీలు పట్టుకొచ్చింది. గవి కూడ గంతే. ఫోను బత్తి పెట్టి లోపలికి చూసి, "సందుల ఏదో ఎర్రగున్నది పెద్దబాపూ. ఎవరన్న విప్పిండ్రా?" అని అడిగింది.

"ఎవరు ముడ్తరు బిడ్డా? సాంచల వాడ ఇది. రంగునూలు దుమ్ము ఎక్కడికన్న పోతది" అన్న.

నమ్మింది. బ్రష్షుతోని ఊడ్చింది, నోటితోని ఊదింది. మిషను మారలే. "బోర్డే చెడ్డదేమో. నేనే చూసి తేవాల్సి ఉండె" అని దశరథం ముందట తప్పు తన మీదేసుకున్నది. "గీ ఒక్కదాన్ని నిలబెట్టు బిడ్డా, మడిగె సంగతి తర్వాత చూద్దం" అన్నడాయన.

ఆమె చెప్పాల్సిన కార్తీక ఏకాదశికి నేను పీట ఎక్కిన. సగం చదువు, నిండు అహంకారం మీద చెప్పిన. "పాత చట్రం పీకి కొత్తది బిగించుడు ఎవరికన్న వస్తది! నిలబెట్టుడు ఎవరికొస్తది?" అని గుద్దిన. పేరు తీయలే. తీసే పని లేకుండె. పిల్ల ఆఖరు వరుసల కూసోని ఉండె. తెల్లారి ద్వాదశి. వనజ వడ్డించిన పళ్ళెం వడ్డించినట్టే ఉన్నది, పిల్ల మొదటి బస్సుకు పోయింది.

ప్రవళికా, గొంతు ఆపకు బిడ్డా. ఇక్కడికెళ్ళి నీకు. చదవబుద్ధి కాకుంటే కాయితం మడిచి, "అందరు మంచిగున్నరట" అని బాపమ్మకు చెప్పు. ఆమెకు తెల్వది, నేను అడుగ. చదువుతవా, అయితే గట్టిగ చదువు.

సందుల ఉన్నది రంగు దుమ్ము కాదు. కుంకుమ. దసర తెల్లారి మండలి గదిల దీపం పెట్టపోయి, తలుపు దగ్గరేసి, నీవెట్ల విప్పినవో గట్లనే విప్పిన. రెండు పట్టీలు పీకి, పండ్ల మీద తడి పసుపు రాసి బొట్లు పెట్టి, టక్కుమనేదాక నొక్కిన. దేవుని మీది భక్తి అని నెల రోజులు నాకు నేనే చెప్పుకున్న. భక్తి కాదు. నీవు వద్దన్నవు కాబట్టి పెట్టిన. నీవు వస్తున్నవని తెలిసి, ముందుగాల పోయి ఆ పండ్లను తువ్వాలతోని తుడిచిన. మొక్కినోడు తుడువడు బిడ్డా. దొంగ తుడుస్తడు.

బాపమ్మ ఉత్తరంల "బువ్వ సగం ఇడిసిపెట్టి లేస్తున్నది" అన్నకాడ నా కండ్లు ఆగినయి. ఫోన్లు బాగుచేసే దుకాణంల స్పిరిట్, సన్న బ్రష్షు తెచ్చి రెండు సందులు కడిగిన. బ్రష్షుకు ఎర్రటి ముద్ద వచ్చింది. ఆరినంక బిగించి మిషను పెట్టిన. అప్పుడు ఏమని మొక్కిన్నో చెప్పాల్నా? ఇది మల్ల ఆగిపోవాలె దేవుడా అని. ఆగిపోతే తప్పు నాది కాదన్నట్టే కదా. పొద్దంత తెర ముందట కూసున్న. ఆగలే. నీవు నడిపిన పరీక్షనే నడిపిన. ఒక్క ఎర్ర గీత రాలే. ఎనిమిది దినాలు చూసిన. నీ పని మీద మచ్చ లేదు. ఉన్నది నా చేతుల మీదనే.

మొన్న ఏకాదశికి పీట ఎక్కకుండ, కింద నిలబడి అందరి ముందట ఇదంత చెప్పిన.  కిష్టవ్వ, "పదేండ్ల సంది నువ్వు చెప్తుంటే నాకు నిద్రే వస్తుండె పరశురాములూ. ఇయ్యాల రాలే" అన్నది. దశరథం నవ్వలే. మడిగె తాళంచెవి నా చేతుల పెట్టి, "పిల్లను ఎల్లగొట్టిన నోటితోనే పిలువు. ఆమె వచ్చినా రాకున్నా, ఆమె సరే అనేదాక నువ్వు పీట ఎక్కేది లేదు" అన్నడు. న్యాయమే. చక్రం తరిమినోనికి పీట ఎందుకు?

కుళ్ళు పోయిందా అంటే పోలే బిడ్డా. అబద్ధం రాయ. "మీ బాపే లేసొచ్చినట్టున్నది" అన్న మాట ఇప్పటికి గుచ్చుతున్నది. నీ గొంతు అట్ల ఉండుడు నీ తప్పు కాదని తెలిసినంక ఇంకింత గుచ్చుతున్నది.

వచ్చే మార్గశిర ఏకాదశి ఉపాసముండి, ద్వాదశి పొద్దున మొదటి బస్సుకు నస్పూర్ వస్తున్న. తాళంచెవి మీ అరుగు మీద పెడ్త. తీసుకునుడు, తీసుకోకపోవుడు నీ ఇష్టం. నీవు పెడితేనే బువ్వ తింట. పెట్టకుంటే గుక్కెడు నీళ్ళు తాగి మల్ల బస్సెక్కుత, మనసుల ఏం పెట్టుకోను. గని అప్పటిదాక నా కోసం నీవు మాడద్దు. రాజు బువ్వ మాని కూసున్నడన్న ముచ్చట నేను నూరుమార్లు చెప్పి నూరుమార్లు మరిచిన. నీవు ఒక్కపారే చెప్పినవ్, మరువనిస్తలేవు. కాయితం మడిచి, లేసి ముందుగాల తిను.

అవ్వా, నా తప్పు నీకు నా గొంతుతోని చెప్తే నీవు నన్నే నమ్మి, పిల్లదే తప్పంటవని భయమైంది. అందుకే బాపు గొంతుతోని చెప్పించిన. ఇన్నవు కదా.

ఇట్లు,
ఆ గొంతు రాని నీ పెద్దకొడుకు,
బువ్వ కోసం వచ్చే నీ పెద్దబాపు,
పరశురాములు.