బిడ్డ ఎక్కడ పడుకుంటుంది?

నౌపడ,
జూన్ 9

సుధా, తల్లీ,

నిన్న ఫోనులో నీ సంతోషం విన్నాను. "అక్కా, మీ ఊళ్లో నలభై మంది తల్లుల్లో ముప్ఫై ఏడుగురు బిడ్డల్ని విడిగా ఉయ్యాల్లో పడుకోబెడుతున్నారు. ఇలాంటిది నా పరిశోధనలో ఇంకెక్కడా రాలేదు. వచ్చే నెల విశాఖ సభలో మొదట ఇదే చెబుతాను" అన్నావు. నేను "మంచిది" అన్నాను. తరవాత రెండుసార్లు నీకు ఫోను చెయ్యబోయి పెట్టేశాను. నోటితో చెప్పలేనని తెలిసి రాస్తున్నాను.

సభలో అది చెప్పకు.

నీ ప్రశ్నల కాగితాలు నేనే నింపాను. తల్లులు చెప్పింది చెప్పినట్టే రాశాను, ఒక్క అక్షరం మార్చలేదు. కాని వాళ్లు చెప్పింది నిజం కాదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ అంగన్‌వాడీకి వచ్చే ప్రతి బాలింతకీ నేను చెప్పే మొదటి మాట, బిడ్డని పక్కలో వేసుకోవద్దని. అదే మనిషి కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుని "బిడ్డ ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగితే ఏం చెబుతారు? నాకిష్టమైన జవాబు చెప్పారు. రాస్తున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. అయినా రాశాను.

మొన్న కబురు చెయ్యకుండా కుమారి ఇంటికి బాలామృతం పొట్లం ఇవ్వడానికి వెళ్లాను. మొగుడు ఉప్పుమడుల్లో పనికి పోయాడు. దూలానికి చీర ఉయ్యాల వేలాడుతోంది. దాన్నిండా ఉల్లిపాయలు. బిడ్డ కింద చాప మీద తల్లిని కరుచుకుని పాలు తాగుతున్నాడు.

"ఏమ్మా కుమారీ, ఉల్లిపాయలకి నిద్ర పట్టిందా?" అన్నాను.

అది గబుక్కున లేచి కూర్చుంది. "ఎలకలు కొట్టేస్తన్నాయి టీచరమ్మా, అందుకని పైన ఎట్టినాను. బుల్లోడు నా పక్కనే తొంగుంటాడు. ఆ రోజు మీరు కోప్పడతారని అలగ సెప్పినాను."

వంటింట్లోంచి దాని అత్త నవ్వింది. "బిడ్డని ఉయ్యాల్లో ఒదిలీసి ఏ తల్లి తొంగుంటాది టీచరమ్మా? మీ మాట మీకు సెప్పినాం, మా పని మాం సేసుకుంటన్నాం. మీకూ బాగుంది, మాకూ బాగుంది."

మిగతా కాగితాలూ ఇంతే అయ్యుంటాయి. నీ రెండేళ్ల పనిలో నేను మన్ను పోశాను. వాళ్లకి అంత గట్టిగా ఎందుకు చెప్పేదానివని అడుగుతావు. మొన్నటి నుంచీ జపం చేస్తుంటే లెక్క తప్పుతోంది. అది ఇప్పుడు రాయలేను.

నీ అక్క
జగదీశ్వరి

---

నౌపడ,
జూన్ 21

సుధా,

ఫోనులో నీ కోపం న్యాయమే. కోపం కన్నా నువ్వు మూడుసార్లు అడిగిన ప్రశ్నే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. "ఎందుకలా చెప్పేదానివి అక్కా?" ఇంకో నెల ఊరుకుందును. దేవి వల్ల ఊరుకోలేకపోతున్నాను.

దేవికి ఇది తొలి కాన్పు. రెండు నెలల ఆడపిల్ల. ఊరంతా నాకు అబద్ధం చెప్పి హాయిగా ఉంటే, నా మాట నిజంగా పాటించింది ఆ పిల్లొక్కతే. పక్కలో పడుకుని పాలిస్తే నిద్ర పట్టేస్తుందేమోనని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇస్తోంది. మంగళవారం తెల్లవారుజామున కుర్చీలోనే కన్నంటుకుంది. పాప ఒళ్లోంచి జారి గచ్చు మీద పడింది. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పైకి బొప్పి తప్ప ఏమీ లేదన్నారు డాక్టరు.

నేను వెళ్లేసరికి తలకి పసుపు రాసిన పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మూడు రేత్రులు నిద్ర నేదు టీచరమ్మా. మీరు పక్కలో ఏసుకోవద్దన్నారని కుర్సీలో కూకున్నాను. ఎప్పుడు కన్ను మూసుకుపోనాదో నాకే తెల్దు. తప్పయిపోనాది, మరి సెయ్యను" అంది.

నాకు క్షమాపణ చెప్పింది సుధా. నాకు.

మంచానికి భయపడి కుర్చీలోనో సోఫాలోనో కునుకు తీసే తల్లుల బిడ్డలకే ప్రమాదం ఎక్కువని నువ్వు పోయినేడాది చెప్పావు. విన్నాను. విని ఊరుకున్నాను.

ఇప్పుడు ఇది చదువు. నీకు తొమ్మిదేళ్లప్పుడు నా శ్రీనాథ్ పోయాడు. జ్వరమొచ్చి పోయాడని నాన్నగారు మీకందరికీ చెప్పారు. జ్వరం కాదు. నా పక్కలో పోయాడు. వాడికి రెండున్నర నెలలు. రాత్రి పాలిచ్చి పడుకున్నాను, ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. వెలుతురు రాకముందే అత్తగారు లేపారు. వాడు చల్లగా ఉన్నాడు. నా ఎడమ చెయ్యి భుజం దాకా తిమ్మిరెక్కి ఉంది, నాది కానట్టు. ఆవిడే పట్టుకుని దాన్ని పక్కకి తీశారు. "పక్కలో నలిపేసుకున్నావే తల్లీ" అన్నారు. ఆ ఒక్కసారే అన్నారు. పోయేదాకా మళ్లీ ఆ మాటెత్తలేదు. చెడ్డమనిషి కాదు. మీ బావగారు ఏమీ అనలేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వాడి పేరు ఈ ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఎవరూ పలకలేదు. మళ్లీ నాకు పిల్లలు పుట్టలేదు. రెండేళ్లకి అంగన్‌వాడీలో చేరాను. చేరిన మొదటి రోజు నుంచీ ఆ మాట చెబుతూనే ఉన్నాను. నా చెయ్యి బరువుకే వాడు పోయాడనుకున్నాను. ఇంకో తల్లి చెయ్యి అలా తిమ్మిరెక్కకూడదనుకున్నాను. రోజూ సూర్యుడికి అర్ఘ్యం ఇస్తాను, ఏమీ కోరను. కోరే అర్హత లేదనుకున్నాను.

నా భయాన్ని సలహా చేసి ఊరికి పంచిపెట్టాను. ఇవాళ ఒక పసిపిల్ల తల మీద అది బొప్పి కట్టింది.

నేనేం చెయ్యాలో నువ్వు చెప్పు. నన్ను ఓదార్చకు.

అక్క

---

నౌపడ,
జూలై 6

సుధా, నా తల్లీ,

నీ కవరు అందింది. ఓదార్చవద్దంటే ఓదార్చలేదు, అందుకు సంతోషించాను. ఖాళీ కాగితాలు పంపావు, పైన ఒకటి ఎక్కువ పెట్టి "నువ్వూ తల్లివే అక్కా, నింపు" అని రాశావు.

ముందు ఊరి సంగతి. బాలింతలందరినీ అత్తలతో సహా కేంద్రానికి పిలిచాను. ఇన్నాళ్లూ భయంతో చెప్పానని చెప్పాను. శ్రీనాథ్ గురించి కూడా చెప్పాను. కుమారి అత్త లేచి "ఇన్నాళ్లకి నిజం అడిగినారు టీచరమ్మా, ఇక నిజమే సెప్తాం, రాసుకోండి" అంది. అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. నువ్వు చెప్పమన్నవన్నీ చెప్పాను. తాగినవాళ్లు, చుట్ట కాల్చేవాళ్లు ఆ పక్క మీద ఉండకూడదనీ, మెత్తటి దిండ్లూ బరువు దుప్పట్లూ బిడ్డ దగ్గరికి రాకూడదనీ, కుర్చీలో కునుకు తియ్యొద్దనీ. కుమారి పక్కవాళ్లింటావిడ "అయితే మా మావని ఈదిలోకి తోలీమంటారా?" అంది. తోలెయ్యమన్నాను. ఉయ్యాల అన్న ముప్ఫై ఏడుగుర్నీ మళ్లీ అడిగాను. ముప్ఫై ఐదుగురు పక్కలోనే అన్నారు. ఒకావిడ నిజంగానే ఉయ్యాల. దేవి ఇప్పుడు పాపని పక్కలో వేసుకుని చాప మీద పడుకుంటోంది, పాప బాగుంది.

తరవాత నువ్వు ఫోనుకి పంపిన వీడియో చూశాను. విజయనగరం వైపు ఏదో ఇల్లన్నావు. ఆ తల్లి పక్కకి తిరిగి పడుకుంది. మోకాళ్లు బిడ్డ పాదాల కిందికి ముడుచుకుంది. చెయ్యి బిడ్డ తల పైగా చాచి, దాని మీద తన తల పెట్టుకుంది. బిడ్డ కదిలితే నిద్రలోనే కదిలింది. పాలిచ్చే తల్లులు ఎవరూ నేర్పకుండానే ఇలా పడుకుంటారని కింద రాశావు. మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూడలేక ఫోను బోర్లించేశాను. ఆ తెల్లవారుజామున అత్తగారు లేపినప్పుడు నేనూ అలాగే ఉన్నాను. నా చెయ్యి వాడి తలకి పైగా చాచి ఉంది, వాడి మీద లేదు. నా తల బరువుకే తిమ్మిరెక్కింది. ముప్ఫై ఏళ్లుగా నాకు గుర్తున్నదే ఇది. దాని అర్థమే తెలియదు.

"పక్కలో వేసుకున్నందువల్ల ఏమీ జరగలేదని నేను చెప్పలేను. నీ వల్లే జరిగిందని కూడా ఎవరూ చెప్పలేరు" అని రాశావు. నిజమే. అక్కడితో సరిపెట్టుకుందామనుకుని నిన్న మధ్యాహ్నం కాగితం నింపడానికి కూర్చున్నాను. తల్లులకి చదివి వినిపించే అలవాటు కదా, పైకే చదువుకున్నాను. బిడ్డ ఎక్కడ పడుకుంది? నా పక్కలో. ఏ వైపు? ఎడమ. పద్నాలుగోది: అంతకుముందు రెండు రోజుల్లో బిడ్డకు జలుబు గాని, ఆయాసం గాని ఉన్నాయా? ఆ సాయంత్రం పాలు తక్కువే తాగాడు, ఎండ వల్ల అనుకున్నాను. "లేవు" అని రాయబోయాను.

"ఉంది" అన్నారు మీ బావగారు, వరండాలోంచి.

పేపరు ముఖానికి అడ్డంగానే ఉంది.

"ఏముంది?"

"ఆయాసం. ఆ సాయంత్రం నువ్వు స్నానానికి వెళ్తే ఎత్తుకున్నాను. డొక్కలెగరేస్తున్నాడు. అమ్మతో అన్నాను. పిల్లలకి మామూలేరా, పొద్దున్న బండికి టెక్కలి తీసుకెళ్దువుగాని అంది. సరే అన్నాను."

"నాతో ఎందుకు అనలేదు?"

"కంగారు పడతావని. తెల్లారేసరికి అమ్మ నిన్ను ఆ మాట అనేసింది. నేను నోరు విప్పితే తప్పు మా ఇద్దరి మీదికి వస్తుంది జగదా. విప్పలేదు." పేపరు మడిచారు. మళ్లీ విప్పారు. "రోజూ చెబుదామనే అనుకున్నాను."

ముప్ఫై ఏళ్లు రోజూ అనుకున్నారట.

కోపం వచ్చిందా అని అడుగుతావు. సాయంత్రం దీపం పెట్టలేదు. వంట చేశాను, వడ్డించలేదు. ఆయనే వడ్డించుకుని, సగం తిని లేచిపోయారు. ఇవాళ పొద్దున్న అర్ఘ్యం ఇస్తూ మొదటిసారి ఒకటి కోరుకున్నాను. ఏమిటో నీకు చెప్పను. ఆయన్ని క్షమించగలనో లేదో కూడా చెప్పలేను. ఇంకా తెలియదు. అత్తగారు ఆ మాట నాతో ఎందుకు అన్నారో మాత్రం ఇప్పుడు తెలిసింది. ఆవిడకీ నిద్ర పట్టి ఉండదు.

ముప్ఫై ఎనిమిది కాగితాలు పంపుతున్నాను. పాతవి చించెయ్యి. అన్నిటికన్నా కింద ఉన్నది నాది. నీ లెక్కలో కలుపుతావో లేదో నీ ఇష్టం, కాని చదువు. పద్నాలుగో ప్రశ్న దగ్గర దస్తూరి మారుతుంది. పెన్ను ఆయన చేతికిచ్చి, ఆ జవాబు నేనే ఆయన చేత రాయించాను.

నీ అక్క
జగదీశ్వరి