తొవ్వకు ఎన్ని పేర్లు

సురంగల్,
జూన్ 2004

ప్రియమైన తమ్ముడు నవీన్‌కు,

అక్క సమత దీవించి రాయునది. దీవెన అలవాటు కొద్దీ రాసిన గానీ, నీ మీద ఒళ్ళంతా మండుతున్నది. ఫోన్ చేస్తే "మీటింగ్‌ల ఉన్న అక్కా" అని పెట్టేస్తవు. ఉత్తరాన్నయితే పెట్టెయ్యలేవు గద, అందుకే రాస్తున్న.

మన కొత్తిమీర చెల్క పక్కన బాల్‌రాజ్ పటేల్ భూమి కొని ప్లాట్లు చేసి అమ్మే వెంచరోళ్ళు మనం పోయే తొవ్వకు గేటు పెట్టిండ్రు. నిన్న తెల్లారంగ కొత్తిమీర కట్టలు ట్రాలీ ఆటోల ఏసుకొని పోతుంటే వాచ్‌మన్ మారయ్య అడ్డమొచ్చిండు. "ఇది ప్రైవేటు బొలెవార్డ్ అమ్మా, బయటోళ్ళు పోవద్దు" అన్నడు. ఆ మాట పలుకుడుకే వాని నోరు తిరుగలేదు. గదేందిరా అంటే, "నాకేం ఎరుక? కాయితంల ఉన్నది" అని రంగుల కాయితం చేతుల పెట్టిండు. చదివిన. రోడ్లకు పేర్లంట, ఒకటి అవెన్యూ, ఒకటి డ్రైవ్, ఒకటి లేన్. అడుగున చిన్న అక్షరాలల్ల, అది తయారుచేసిన నీ కంపెనీ పేరు!

చెరువు కట్ట మీదికెంచి తిరిగి పోయేసరికి చేవెళ్ళ మార్కెట్ల కొనేటోళ్ళే లేరు. ఆ చెల్క తప్ప నాకింకో ఆధారం ఉన్నదా? నువ్వే చెప్పు.

బాపు, బాల్‌రాజ్ వాళ్ళ నాయన చెరొక దిక్కు ఒడ్డు వెనక్కి జరుపుకొని ఇడిసిన తొవ్వ అది. దున్నుకుంట ఆడికి రాంగనే నాగలి లేపి దాటించేటోళ్ళు, దాని మీద గీత పడొద్దని. చిన్నప్పుడు కట్టెపుల్లతోని దున్నే ఆట ఆడుకుంట నువ్వు గూడ ఆడ పుల్ల లేపేటోనివి. యాదికున్నదా, అది గూడ మరిచినవా?

ఏం చేస్తవో చెయ్యి.

కోపంతోనే,
నీ అక్క సమత


మాదాపూర్,
జూన్ 2004

ప్రేమగల అక్కకు,

నవీన్ నమస్కారాలు. నాకూ కోపమొచ్చింది. అడగకుండనే నన్ను దొంగను చేసినవు.

నా పనేందో తెలుసా నీకు? ఎవరన్న సప్పగ రాసుకొస్తే దానికి మెరుగు పెట్టాలె. మా మేనేజర్ ఏమన్నడంటే, "రోడ్డు అని రాయకు, రోడ్డు అందరికీ ఉంటది. కొనేది సాఫ్ట్‌వేరోళ్ళు, గొప్పగ వినబడాలె" అన్నడు. ఇంటర్‌ల నువ్వు కొనిచ్చిన డిక్షనరీనే తెరిచిన. రెండు దిక్కుల చెట్లుంటే అవెన్యూ అంటరు, సన్నగుంటే లేన్, వంపు తిరిగితే డ్రైవ్, బాగ వెడల్పుంటే బొలెవార్డ్. అన్నీ ఏరి రాసిన. అది మన సురంగల్ అని నాకెవరూ చెప్పలే. వెంచరోళ్ళిచ్చిన ప్లాన్ నక్షల మన తొవ్వ లేదు, వెడల్పు రోడ్డే గీసిండ్రు.

ఇప్పుడు కొత్త బ్రోచర్‌ల "కార్ట్ ట్రెయిల్" అని రాసిన. పాత కాలం ఎడ్లబండ్ల తొవ్వ అన్నట్టు. మేనేజర్ మురిసిపోయి, వెంచరోళ్ళతోని మాట్లాడి గేటు తెరిపిస్తనన్నడు. జర ఓపిక పట్టు. మారయ్యతోని కొట్లాడకు.

నీ తమ్ముడు,
నవీన్


సురంగల్,
జులై 2004

నవీన్‌కు,

ప్రియమైన అని రాయబుద్ధి అయితలేదు.

గేటు తెరిచిండ్రు. ఎవలికి? ఎడ్లబండికి! ఆటో వద్దంట. నువ్వు రాసిన మాట చూసి, కొనేటోళ్ళు బండి కోసం ఎదురుచూస్తున్నరంట. మన ఎడ్లు అమ్మి ఎన్నేండ్లాయె? ఇంటికొస్తే గద నీకు తెలిసేది!

ఏం చెయ్యాలె? పక్కింటి బీరమ్మ వాళ్ళ ఎడ్లబండి అడుక్కొని పోయిన. చేవెళ్ళ చేరేసరికి కొత్తిమీరంతా వాడిపోయింది, బర్రెలకేసిన. తొవ్వల ఒకామె కారు దిగి, "కొంగు తల మీద కప్పుకోండి, ఫోటో బాగుంటది" అన్నది. నేనేమన్న బొమ్మనా నవీన్?

మర్నాడు ఆటోనే తీసిన. వెంచరోళ్ళకు రోషమొచ్చి, తొవ్వనే తవ్వేస్తమని జేసీబీ తెచ్చిండ్రు. దాన్ని నడిపేటాయన మన దిక్కు ప్రొద్దుటూరు బాలమల్లు, పేరు తర్వాతనే తెలిసింది. పక్క నుంచి తవ్వుకుంట వస్తుంటే, చస్తే చస్తనని అడ్డం నిలబడ్డ. ఆయన నా దిక్కు గూడ చూడలే. తొవ్వ కాడికి రాంగనే బకెట్ పైకి లేపి, జేసీబీని మెల్లగ దాటించి, అవతల దించిండు. సూపర్‌వైజర్ బూతులు తిట్టిండు. "తొవ్వ మీద దించ సార్, మా బాపు గిట్ల నేర్పలే" అన్నడు. ఆడికాడనే పనిలకెంచి తీసేసిండ్రు.

ముక్కూ మొఖం తెలువనాయన బకెట్ లేపిండు. నువ్వు పెన్ను లేపలేదు.

రేపో మాపో ఇంకో జేసీబీ తెస్తరంట. ఇగ నీకు ఉత్తరం రాయ.

సమత


సురంగల్ బస్టాండు,
ఆదివారం

ప్రియమైన అక్కకు,

నువ్వు రాసిన బాలమల్లన్నను దేవులాడి కలిసి, ఈ ఉత్తరం ఆయన చేతికిచ్చి పంపుతున్న. నేను మన ఊర్లనే ఉన్న. నీ ముందుకు రావడానికి మొఖం చెల్లలే.

పొద్దుగాల కొనేటోళ్ళను బస్సులల్ల సైటు కాడికి తెచ్చిండ్రు. బ్రోచర్ చదివి చెప్పమని వెంచరోళ్ళ మేనేజర్ నన్ను ముందర నిలబెట్టిండు. కాయితం మడిచి జేబుల పెట్టుకున్న. "ఇది సురంగలోళ్ళ తొవ్వ. రోజూ తెల్లారకముందే మా అక్క ఆటో దీని మీదనే పోతది. చప్పుడైతది, దుమ్ము లేస్తది. ఒప్పుకుంటేనే కొనుండ్రి" అన్న.

ఒక పెద్దమనిషి మేనేజర్‌ను పట్టుకున్నడు. "ఊరోళ్ళతోని పంచాయితీ ఉన్న ప్లాటు మాకెందుకు? తొవ్వ ఇడుస్తరా, మేం బస్సెక్కాల్నా?" అన్నడు. తక్కినోళ్ళు గూడ లేసిండ్రు. ఇడుస్తమని అందరి ముందర ఒప్పుకున్నడు. పెద్దమనిషి అంతటితోని ఊకోలే, గేటు ఇప్పుడే తియ్యమన్నడు. మారయ్య ఊడబీకుతుంటే నేను గూడ ఒక చెయ్యేసిన.

నన్నూ పనిల నుంచి తీసేసిండ్రు. బాలమల్లన్నకు ఇదంతా, నువ్వు రాసిన పెన్ను మాట గూడ చెప్తే, "నువ్వు జర ఆలస్యంగ లేపినవు తమ్మీ" అన్నడు.

నీ కోపం పోవాలని అడగను. రేపు కట్టలు మాత్రం ఆటోలనే ఎయ్యి. గేటున్న కాడ, తొవ్వ మొగల నిలబడి ఉంట. ఎక్కించుకుంటె ఎక్కించుకో, లేకుంటె వెనుక నడిచి వస్త.

నీ తమ్ముడు,
నవీన్